వాకిలి బుగ్గకు ఇద్దరు కావాలి

తాండూరు
4-8-2025

అక్కకు వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు, నాకు తప్ప. నలభై ఏళ్లుగా నిచ్చెనలు, స్తంభాలు ఎక్కి దిగినవాడిని, మొన్న స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు వేశారు. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. నీ మరదలు నన్ను చూసి జాలిపడాల్సింది పోయి, "సబ్బుబిళ్ల మీద కాలు పెట్టెటోనికి స్తంభాలెక్క లైసెన్సెవడిచ్చిండు?" అని వచ్చినవాళ్లందరి ముందూ నవ్వుతోంది.

ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదు. చెవి మిషను ఈల వేస్తోందని బియ్యం డబ్బాలో దాచావట. అందుకే కాగితం పట్టాను. ఉత్తరమంటే పుస్తకంలోలా రాయాలని చిన్నప్పుడు బెత్తం పట్టుకుని నేర్పిన టీచరువి నువ్వే, కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నీవే.

అసలు సంగతి. మన అమ్మాయి ప్రియదర్శిని శనివారం ట్రైనింగుకని హైదరాబాదు పోతూ వికారాబాదులో దిగుతుంది. దానితో ఎల్‌ఈడీ బుగ్గలు ఒక పెట్టె పంపుతున్నాను. బావ పోయి మూడేళ్లయినా నువ్వింకా ఆయన పెట్టిన పాత కరెంటు బుగ్గలతోనే ఉన్నావు. మన బంధువులిళ్లలో అన్నిటికీ నేనే ఎల్‌ఈడీలు పెట్టాను, నాకు పని నేర్పిన గురువు ఇల్లొకటే మిగిలింది. దీపం కిందే చీకటంటే ఇదే. పాత బుగ్గ అరవై వాట్లకు ఇచ్చే వెలుగు ఇది తొమ్మిది వాట్లకే ఇస్తుంది, పదేళ్లు వస్తుంది. వాకిలిది కూడా మార్పించుకో.

నీ తమ్ముడు,
యాకోబు


వికారాబాద్
10-8-2025

తమ్ముడు యాకోబుకు అక్క దీవెనలు.

కాలు విరిగిన సంగతి మూడో వాక్యంలో రాస్తావా? అది మొదటి వాక్యంలో రాయాలి. పాయా సూపు చేయించుకుని తాగు. మరదలికి చెప్పు, మిరియాలు ఎక్కువ పడాలి.

నీ కూతురు వచ్చింది. మా అదృష్టం కొద్దీ అది స్టూలెక్కే సమయానికే వీధంతా కరెంటు పోయింది. ఆ గంటలోనే అన్ని బుగ్గలూ మార్చేసి, టీ తాగి, రైలుకు పరుగెత్తింది. దానికి నీ పనితనం వచ్చింది.

కరెంటు వచ్చాక స్విచ్చులు వేశాను. అబ్బో! ఏం వెలుతురురా నాయనా! ముప్పై ఏళ్లుగా కనపడని బూజంతా వంటింట్లో ఒక్కసారి కనపడింది. అద్దంలో నా మొహం చూసుకుని ఎవరీ ముసలావిడ అనుకున్నాను. పక్కింటి నిరోషా "పెద్దమ్మా, పెండ్లింటి లెక్క ఉంది" అంది.

ఒక పాత బుగ్గను మాత్రం దాచుకున్నాను. వాకిట్లోది. మీ బావ పోయే ముందు నెలలో తన చేత్తో పెట్టింది, అప్పటినుంచి పోనే లేదు. దాన్నిప్పుడు కోడిపిల్లల గంపలో పెట్టాను. నీ ఎల్‌ఈడీకి వెలుగుంది గానీ వేడి లేదు, పిల్లలు దాని కింద వణుకుతున్నాయి.

ఇంకో వింత. వాకిట్లో పెట్టిన కొత్త బుగ్గ స్విచ్ ఆపినా పూర్తిగా ఆరదు. మసక చీకట్లో చూస్తే సన్నగా వెలుగుతూనే ఉంటుంది, బీడీ చివర నిప్పంత. మీ బావ సాయంత్రాలు అక్కడే కుర్చీ వేసుకుని బీడీ తాగేవాడు కదా. నాకది చూస్తే బాగుంది. ఇంట్లో ఎవరో ఉన్నట్టుంది. బాగు చేయమని చెప్పడం లేదు, ఊరికే రాశాను.

అక్క,
సంతోషమ్మ


తాండూరు
14-8-2025

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. సగం చదవగానే కాగితం అందుకున్నాను. ఆ వాకిలి బుగ్గను ముట్టుకోకు. హోల్డరును ముట్టుకోకు. తుడవాలని గుడ్డ కూడా పెట్టకు.

కారణం చెబుతాను, టీచరువి కదా, అర్థమవుతుంది. స్విచ్ ఆపితే కరెంటు బోర్డు దగ్గరే ఆగిపోవాలి. బుగ్గ దాకా రాకూడదు. మీ వాకిట్లో స్విచ్ తప్పు తీగకు పడింది. వచ్చే దారి తెరిచే ఉంది, తిరిగి పోయే దారిని మాత్రమే స్విచ్ ఆపుతోంది. అంటే నువ్వు ఆపినా ఆ హోల్డరులో కరెంటు నిలబడే ఉంటుంది. పాత బుగ్గకు ఆ కాస్త చాలదు, అందుకే తెలియలేదు. ఎల్‌ఈడీకి చిటికెడు చాలు. నీకు బాగుందన్న ఆ నిప్పు, అదే. కొత్త రకం స్విచ్చులుంటే వేరే కారణాలు కూడా ఉండొచ్చు గానీ, మీవి పాత నల్ల బొడిపె స్విచ్చులు.

చెప్పకూడదు గానీ చెబుతున్నాను. అంత పెద్ద మేస్త్రీ అయ్యుండి బావ సొంత ఇంట్లో ఇట్లాంటి పని చేశాడంటే నమ్మలేకపోతున్నాను. 2004లో నేను ఇల్లంతా కొత్త వైరింగు వేస్తానని సామాన్లతో సహా వచ్చాను, గుర్తుందా? "నా ఇంట్ల తీగలు నువ్వు ముట్టకు" అని గుమ్మంలోనే ఆపేశాడు. నా చేతి మీద నమ్మకం లేదని తెలిసి ఆ రోజు తాండూరు దాకా రైల్లో నిలబడే వచ్చాను. ఆ రోజు నన్ను చేయనిచ్చి ఉంటే ఇప్పుడు ఈ భయం ఉండేది కాదు.

ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. అందుకని ఇప్పుడే నిరోషాకు ఫోన్ చేస్తున్నాను. వికారాబాదులో నాకు తెలిసిన వైర్‌మన్ చంద్రప్పను కూడా పంపుతాను.

యాకోబు


వికారాబాద్
19-8-2025

యాకోబుకు,

నువ్వు ఫోన్లో ఏం చెప్పావో గానీ నిరోషా తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, నన్నొక మాటైనా అడగకుండా మెయిన్ స్విచ్ బందు పెట్టేసింది. ఆపైన వాకిట్లో "ప్రమాదం, ముట్టరాదు" అని అట్ట కట్టింది. దారిన పోయేవాళ్లంతా ఆగి నన్నే చూస్తున్నారు, నేనేదో కరిచేదాన్నన్నట్టు. ఒకటిన్నర రోజు కరెంటు లేదు. ఫ్రిజ్‌లో చేపల పులుసు పాడైపోయింది. రెండో రోజు మెయిన్ నేనే ఎత్తాను.

నీ చంద్రప్ప కూడా వచ్చాడు. బోర్డు కేసి చూసి, "ఎవడేసిండమ్మా గీ వైరింగు, గుడ్డోడా?" అన్నాడు. వాణ్ని గేటు బయటికి పంపి గొళ్లెం పెట్టాను. మీ బావ వికారాబాదులో సగం ఇళ్లకు దీపాలు పెట్టినవాడు. ఒక్క ఇంట్లో ఒక్క మనిషికి షాకు కొట్టలేదు. ఆయన గోరీ మీద నువ్వు పంపిన తాండూరు బండ ఇంకా రంగు మాయలేదు, అప్పుడే ఆయన పనికి వంకలు పెడుతున్నావు. అమ్మానాన్న పోయాక పదేళ్ల పిల్లవాడివైన నిన్ను తెచ్చి, పిల్లల్లేని ఇంట్లో కొడుకులా పెంచి, చేతిలో టెస్టరు పెట్టింది ఎవరు? గురువుకే పంగనామాలా?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నీ బుగ్గ బాగా లేకపోతే ఆయన తీగలు తప్పా? గంపలో ఉన్న పాత బుగ్గ తీసి మళ్లీ వాకిట్లో పెడతాను. అది ఆపితే ఆరుతుంది. అప్పుడు తెలుస్తుంది తప్పెవరిదో.

సంతోషమ్మ


తాండూరు
22-8-2025

అక్కా,

కాళ్లు మొక్కుతా, స్టూలెక్కకు. కోపముంటే నా మీద తీర్చుకో, బుగ్గ మీద వద్దు. ప్రియదర్శినికి సెలవు దొరకలేదు, నిరోషా ఊరెళ్లిందట, నేను మంచం మీద ఉన్నాను. ఈ కార్డు నువ్వు ఎక్కేలోపే చేరాలని ప్రార్థన చేస్తున్నాను. బావను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన దేవుడు. నువ్వు మాత్రం ఎక్కకు.

యాకోబు


వికారాబాద్
26-8-2025

తమ్ముడికి,

నీ కార్డు నిన్న వచ్చింది. నేను మొన్ననే ఎక్కాను.

భయపడకు, బతికే రాస్తున్నాను. మధ్యాహ్నం స్టూలు వేసుకుని ఎక్కాను. స్విచ్ ఆపే ఉంది. ఎడమ చేత్తో రేకుల కింది ఇనుప గొట్టం పట్టుకుని, కుడి చెయ్యి హోల్డరు దాకా చాచాను. ఇంకా జానెడు దూరముంది. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఉండాల్సింది ఇక్కడ కాదు, మెయిన్ దగ్గర.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేంత సంగతని అనుకోలేదు. ఈ ఒక్క బుగ్గ మార్చాల్సి వచ్చినప్పుడు మీ బావ నన్ను వంటింట్లోంచి పిలిచేవాడు. మెయిన్ బందు పెట్టించి, నా చెయ్యి దాని మీదే ఉంచమనేవాడు. "ఇది జర మొండిది. దీనికి ఇద్దరు గావాలె. నేను దిగేదాంక నువ్వు గాడికెల్లి కదలకు" అనేవాడు. అన్నం మాడుతోందన్నా వదిలేవాడు కాదు. పాత బుగ్గలు ఆర్నెల్లకోటి పోయేవి కదా, ప్రతిసారీ ఇదే తంతు. నేను విసుక్కునేదాన్ని. నన్ను పక్కన నిలబెట్టుకోవడానికి ఓ వంక అనుకుని, లోపల సంతోషపడేదాన్ని కూడా.

దిగాను. మెయిన్ బందు పెట్టాను. మళ్లీ ఎక్కి పాత బుగ్గ పెట్టాను. మెయిన్ ఎత్తి చూస్తే అది ఆపగానే ఆరింది. గెలిచాననుకున్నాను. కుర్చీలో కూర్చున్నాక గెలుపు నిలవలేదు. మిగతా గదుల్లో ఆయన ఒక్కడే మార్చేవాడు, స్విచ్ ఆపి, పాట పాడుకుంటూ. దీనికే ఎందుకు ఇద్దరు కావాలి?

ఆయనకు తెలుసు యాకోబూ. ఆ తీగ తప్పని ఆయనకు తెలుసు. తెలిసి ఎందుకు బాగు చేయలేదు? ఆయన పోయాక నేను ఒక్కదాన్నే ఈ ఇంట్లో ఉంటానని తట్టలేదా? ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద నాకు ఇట్లాంటి కోపం ఎప్పుడూ రాలేదు. ఆదివారం గోరీ దగ్గరికి కూడా పోబుద్ధి కావడం లేదు. నువ్వు ఆయన దగ్గర పని చేసినవాడివి. నీకు తెలిస్తే చెప్పు. నన్ను ఊరడించడానికి చెప్పకు, నిజం చెప్పు.

అక్క


తాండూరు
29-8-2025

అక్కకు,

నాలుగు కాగితాలు చించాను. ఇది అయిదోది.

ముందు ఒక పని చెయ్యి. వాకిలి స్విచ్ బోర్డు పైనుంచి గోడ మీదుగా చెక్కపట్టీ పోతుంది కదా, తీగలు అందులోనే ఉంటాయి. దాని ఎడమ చివర చూడు. ముట్టకు, చూడు చాలు. మేకుతో గీకిన అక్షరం ఉందా?

1986లో నువ్వు టీచరు పరీక్షకని ధారూర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉన్నావు. అప్పుడే ఇంటికి కరెంటు పెట్టుకుంటున్నాం. బావ పరిగిలో పని మీద రెండు రోజులు పోతూ, "వాకిలి లైను నేనొచ్చినంక ఏస్త, నువ్వు ముట్టకు" అన్నాడు. నాకు పదిహేడేళ్లు. అన్నీ వచ్చనుకునే వయసు. ఆయన వచ్చేసరికి వాకిలి వెలగాలని, నేనే వేశాను. ఊడిరాకూడదని ఇన్ని మేకులు కొట్టాను. చివర నా పేరు గీకాను.

బావ వచ్చాడు. స్విచ్ వేశాడు, వెలిగింది. ఆపాడు, ఆరింది. చాలాసేపు పైకే చూశాడు. తర్వాత నా వీపు తట్టి, "నువ్వు మేస్త్రీవైనవ్ పో" అన్నాడు. హోటలుకు తీసుకుపోయి బిర్యానీ తినిపించాడు. ఆ రాత్రంతా నేను వాకిట్లోనే పడుకుని ఆ బుగ్గను చూశాను. ఈ రోజుకీ దుకాణానికి వచ్చిన కుర్రాళ్లందరికీ చెబుతాను, నా మొదటి పనిలోనే తప్పు లేదని.

అక్కడ నా పేరుంటే, ఆ తప్పు బావది కాదు. నాది. ఆయన ఆ రోజే చూశాడు. చెబితే నా మనసు విరుగుతుందని చెప్పలేదు. 2004లో నన్ను గుమ్మంలో ఆపింది కూడా అందుకే. నేను ఆ పట్టీ విప్పితే నా తప్పు నా కంటపడుతుంది. నేనేమో నా మీద నమ్మకం లేదనుకుని, ఆ తర్వాత ఎప్పుడొచ్చినా వాకిట్లోనే కుర్చీ వేసుకుని, లోపలికి రాకుండా, ఆ బుగ్గ కిందే టీ తాగి పోయాను. ఆయన ఎదురుగా బీడీ తాగుతూ కూర్చునేవాడు. ఒక్కసారి కూడా అనలేదు.

నీ కోపం ఆయన మీద ఉంచకు. ఇటు పంపు.

యాకోబు


వికారాబాద్
8-9-2025

తమ్మీ,

ఉంది. "యా. 86." ఇన్నాళ్లూ వడ్రంగి గుర్తనుకున్నాను. ఏటా గోడలకు సున్నం ఆయనే వేసేవాడు. కుంచె అక్కడిదాకా వచ్చి ఆగేది. "గాడ జర మిగిలింది" అంటే, "ఉండనీ తియ్" అనేవాడు. అక్షరం మీద ఒక్క చుక్క పడలేదు. దాని కింద నిలబడి చాలాసేపు ఏడ్చాను. నిరోషా ఊరినుంచి వచ్చి, షాకు కొట్టిందేమోనని పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడు తిట్టాల్సింది ఉంది, విను. నీ మనసు విరగకూడదని ఆయన నోరు మూసుకున్నాడు. అలిగి నువ్వు వాకిట్లో కూర్చున్నావు. మీ ఇద్దరి ముచ్చటా బాగానే ఉంది. మధ్యలో నేను స్టూలెక్కి చావబోయాను! మనసు విరిగితే అతుక్కుంటుందిరా, పదిహేడేళ్ల పిల్లగాడి మనసు ఒక బిర్యానీకే అతుక్కుంటుంది. ఆయన చెప్పాల్సింది. ఈ మాట ఆదివారం గోరీ దగ్గరికి పోయి ఆయనతోనే అన్నాను. అన్నాక కోపం పోయింది. పూలు పెట్టి వచ్చాను.

ఇంకొకరి చెయ్యి ఆ తీగ మీద పడనివ్వను. నీ కాలు బాగయ్యాక నువ్వే వచ్చి సరిచెయ్యి. అంతవరకు ఆ స్విచ్ నేను ముట్టను. నిరోషా అట్ట మళ్లీ కట్టాను, ఈసారి నా చేత్తోనే. అది రాసిన దాంట్లో వత్తులు కూడా సరిచేశాను.

ఆ చెక్కపట్టీ మాత్రం విరగ్గొట్టకు.

అక్క


తాండూరు
13-10-2025

అక్కా,

నిన్న నీ ముందు నోరు పెగల్లేదు, రైల్లో కూడా ఇదే అనుకుంటూ వచ్చాను. అందుకని రాస్తున్నాను.

పట్టీని ముట్టకుండా పక్కనుంచి కొత్త తీగ వేశాను, చూశావు కదా. పట్టీలో ఇప్పుడు కరెంటు లేదు, ఉత్త చెక్క. విప్పితే ఆ మేకులకు రెండు ముక్కలయ్యేది. బావ కూడా నాలాగే పక్కనుంచి తీగ వేయగలిగేవాడు. వేసి ఉంటే నేను అడిగేవాణ్ని, ఎందుకేశావని. ఆయన అబద్ధమాడలేడు. పనివాడిగా చూస్తే ఆయన చేసింది తప్పే, నా దగ్గర పనిచేసేవాడు అట్లా వదిలేస్తే చెంప పగలగొడతాను. బావగా చూస్తే ఏమనాలో నాకు తెలియదు.

నిచ్చెన మీద నేనున్నంతసేపూ నువ్వు మెయిన్ దగ్గర నిలబడ్డావు. పని అయిపోయిందక్కా, పోయి కూర్చో అన్నాను. నీకు వినపడలేదనుకుని చెయ్యి ఊపి చెప్పాను. "దిగినంక పోత" అన్నావు. మెయిన్ మీది చెయ్యి తీయలేదు. అప్పుడు పైనుంచి చూశాను, నీ చెయ్యి ఆనే చోట గోడ నున్నగా అరిగి ఉంది. బావ ఎక్కిన ప్రతిసారీ నువ్వు అక్కడే నిలబడ్డావు. పొయ్యి మీద కూర వదిలేసి, నోట్ పుస్తకాలు దిద్దడం వదిలేసి.

ముప్పై ఆరేండ్లు నా తప్పుకు కాపలా ఉన్నవక్కా. నాకు ఒక్కనాడు తెల్వలే. గిప్పుడు పుస్తకం భాషల రాయబుద్ధి అయితలేదు. నన్ను మాఫ్ చెయ్యి.

నీ తమ్ముడు


వికారాబాద్
18-10-2025

తమ్మీ యాకోబూ,

మాఫీ లేదు గీఫీ లేదు. ఆఖరి పేరాలో పుస్తకం భాష తప్పినందుకు మాత్రం రెండు దెబ్బలు బాకీ.

నువ్వు మళ్లీ పెట్టిపోయిన కొత్త బుగ్గ ఇప్పుడు ఆపితే ఆరుతోంది. పూర్తిగా. మొదటి రెండు రోజులు వెలితిగా అనిపించింది, దాచుకోను. ఆ నిప్పు లేదు కదా. మూడో రోజు కుర్చీని అటు తిప్పుకున్నాను. అక్కడినుంచి నీ అక్షరం కనపడుతుంది. కోడిపిల్లలు పెద్దవయ్యాయి. వాకిట్లోంచి మళ్లీ దిగిన పాత బుగ్గను కడిగి, గుడ్డలో చుట్టి, మీ బావ టెస్టరు పక్కన పెట్టాను. చెవి మిషను బియ్యం డబ్బాలోంచి తీశాను. ఈల వేస్తుంది గానీ, నువ్వొచ్చినప్పుడు నీ మాట వినొచ్చు.

ఒక్క సంగతి నాకు నచ్చలేదు. ఈ బుగ్గ పదేళ్లు పోదన్నావు. పాతవి నయం, ఆర్నెల్లకోసారి పోయేవి, ఇద్దరం కావాల్సి వచ్చేది. ఇది పోయేదాకా ఆగకు. వచ్చే ఆదివారం రా. ఈసారి వాకిట్లో కూర్చుంటే ఊరుకోను, లోపలికి రా. చేపల పులుసు వండుతాను.

అక్క